మళ్లీ మొదటి స్లైడే!

గాజువాక వైపు షిఫ్టు బస్సుల్లో, ఫోన్‌లో సేఫ్టీ కోర్సు చేసేవాళ్లకి ఒకటే తలనొప్పి: సగంలో ఆపి మళ్లీ తెరిస్తే మొదటి స్లైడే. నెట్‌వర్క్‌ని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు దానిది కాదు. ఆన్‌లైన్ కోర్సులకి, వాటిని నడిపే సర్వర్‌కి మధ్య మాట కలిపే ప్రమాణం స్కార్మ్. దాని 1.2 వెర్షన్‌లో ఎక్కడ ఆపారో గుర్తుంచుకునే సస్పెండ్ డేటాకి హద్దు 4096 అక్షరాలే. క్విజ్ జవాబులన్నీ అందులోనే కుక్కితే పట్టవు. స్కార్మ్ 2004 మూడో ఎడిషన్ నుంచి అది 64000. పైగా కొన్ని కోర్సులు విండో మూసేటప్పుడే సేవ్ చేస్తాయి. ఫోన్‌లో వేరే యాప్‌కి వెళ్లి అటే వదిలేస్తే ఆ సేవ్ జరగకపోవచ్చు. అందుకే స్లైడ్ మారిన ప్రతిసారీ కమిట్ (ఇక్కడిదాకా సేవ్ చెయ్యమని సర్వర్‌కి చెప్పే ఆదేశం) పంపాలి.

బటన్ కనీసం 24 పిక్సెళ్లుండాలని వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ 2.2 అంటాయి. కుదుపుల బస్సులో 48 పెట్టండి బాబూ! ఆడియో అయ్యేదాకా ‘నెక్స్ట్’ లాక్ చేస్తారా? మ్యూట్ చేసి కిటికీలోంచి చూస్తారు, అంతే.