పాతకాలం సయామీస్ పిల్లికూన కోసం: నా అనుభవం

అమెరికాలో సయామీస్ పిల్లి కొనాలంటే మొదటి చిక్కు, ఆ పేరుతో రెండు రకాల పిల్లులు ఉండటం. క్యాట్ షోల్లో ఇప్పుడు కనిపించేది ఒకటి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముఖం త్రికోణంలా కోసుగా ఉంటుంది, చెవులు తలకు మించినంత పెద్దవి. నాకు కావలసింది రెండోది. తల గుండ్రన, బుగ్గలు నిండుగా, ఒళ్ళు కాస్త గట్టిగా ఉండే పాతకాలం సయామీస్. దీన్ని ఇక్కడ ట్రెడిషనల్ అంటారు, ఓల్డ్ స్టైల్ అంటారు, యాపిల్‌హెడ్ అని కూడా అంటారు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో షో జడ్జిలు సన్నటివాటికే బహుమతులు ఇస్తూ పోయారు, బ్రీడర్లూ అటే మళ్ళారు. పాత రకాన్ని వదలకుండా పట్టుకున్నవాళ్ళు కొద్దిమందే మిగిలారు.

పిల్లి జాతులను నమోదుచేసే టి.ఐ.సి.ఎ. అనే సంస్థ ఈ పాత రకానికి 'థాయ్' అని వేరే పేరు పెట్టి, షోల్లో పోటీపడే ఛాంపియన్‌షిప్ హోదా 2010లో ఇచ్చింది. ఇంకో పెద్ద సంస్థ సి.ఎఫ్.ఎ. దీన్ని వేరే జాతిగా లెక్కపెట్టదు. కాబట్టి 'ట్రెడిషనల్ సయామీస్' అని ప్రకటనలో ఎవరైనా రాసుకోవచ్చు, అడిగే నాథుడు లేడు. కళ్ళు నీలంగా, ముఖం నల్లగా ఉన్న ప్రతి పిల్లీ అమ్మకానికి వచ్చేసరికి సయామీస్ అయిపోతుంది.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. సరదాగా ఒక మాట: అమెరికాకు వచ్చిన తొలి సయామీస్‌గా చెప్పుకునే పిల్లి ఒహాయో మనిషి ఇంటికే వచ్చింది. 1878లో బ్యాంకాక్‌లోని అమెరికన్ కాన్సుల్ డేవిడ్ సికిల్స్, అప్పటి అధ్యక్షుడు రదర్‌ఫర్డ్ హేస్ భార్య లూసీకి దాన్ని ఓడలో పంపాడు. హేస్‌ది మా రాష్ట్రమే. పిల్లి మాత్రం పాపం వైట్‌హౌస్‌లో ఏడాది కూడా బతకలేదు.

మా అమ్మకు ఫోన్లో చెప్తే, "పిల్లికి లక్ష రూపాయలా? మతి ఉందా నీకు? తెనాల్లో మన పెరటి గోడ మీద నాలుగు ఊరికే తిరుగుతున్నాయి, వచ్చి పట్టుకుపో" అంది. అమ్మ లెక్క తప్పేం కాదు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న ట్రెడిషనల్ పిల్లకు మాకు చెప్పిన ధరలు 1,000 నుంచి 2,000 డాలర్ల మధ్యే ఉన్నాయి. షెల్టర్ నుంచి తెచ్చుకోవచ్చు కదా అని ఇక్కడి స్నేహితులు అన్నారు. న్యాయమైన మాటే. దిక్కులేని సయామీస్‌లకు ఇల్లు వెతికిపెట్టే ఒక రెస్క్యూ వాళ్ళ దగ్గర ముందు పేరు ఇచ్చాం. అక్కడికి వచ్చేవి ఎక్కువగా పెద్ద పిల్లులు. మా బాబుకి అయిదేళ్ళని తెలిసి, చిన్నపిల్లలతో అలవాటున్నది వస్తే చెప్తామన్నారు. అలాంటిది రాలేదు. అప్పుడు బ్రీడర్ల వేట మొదలైంది.

ఆన్‌లైన్‌లో మొదట కనపడేవి ముద్దొచ్చే ఫొటోలు, తక్కువ ధరలు, 'వెంటనే పంపిస్తాం' అన్న హామీలు. ఒకచోట 600 డాలర్లకే పిల్ల అన్నారు. ఆ ఫొటోను గూగుల్ ఇమేజ్ సెర్చ్‌లో పెడితే అదే పిల్ల ఇంకో రెండు రాష్ట్రాల్లో వేరే పేర్లతో అమ్మకానికి ఉంది. "ఒక కాగితం మీద ఇవాళ్టి తేదీ రాసి, దాని పక్కన పిల్లను పెట్టి వీడియో కాల్ చెయ్యండి" అని అడిగాను. జవాబు రాలేదు. వీళ్ళ పద్ధతి అందరికీ ఒకటే. ముందు వెనక్కి తీసుకోలేని దారిలో డబ్బు పంపమంటారు, తర్వాత ప్రయాణపు పెట్టెకింత, ఇన్సూరెన్స్‌కింత అని అడుగుతూనే ఉంటారు. పిల్ల మాత్రం ఎప్పటికీ రాదు. పిల్లి మీద ప్రేమతో ఉన్నవాళ్ళకు ఆ సమయంలో బుర్ర పనిచెయ్యదని వాళ్ళకు బాగా తెలుసు.

నిజంగా పిల్లులున్న బ్రీడర్ల విషయంలో జల్లెడ పట్టడం ఇంకా కష్టం. నేను పెట్టుకున్న కొలత ఒకటే. నన్ను ఏమీ అడగకుండా "డిపాజిట్ ఎప్పుడు కడతారు?" అన్నవాళ్ళను జాబితాలోంచి కొట్టేశాను. ఎనిమిది వారాలకే తీసుకుపోవచ్చన్నవాళ్ళనీ కొట్టేశాను. మంచి బ్రీడర్లు కనీసం పన్నెండు వారాలు తల్లి దగ్గరే ఉంచుతారు. గోళ్ళు దాచుకోవడం, గట్టిగా కొరక్కుండా ఆడుకోవడం తల్లీ తోబుట్టువులే నేర్పుతారు. అది మనవల్ల అయ్యే పని కాదు.

చివరికి పెన్సిల్వేనియాలో ఒకావిడ దొరికారు. పొద్దున కారులో బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దూరం. రిటైరైన టీచరు, ఇంట్లో అయిదారు పిల్లులు, ఏడాదికి ఒకటి రెండు ఈతలకు మించి తీయరు. ఆవిడ పంపిన ప్రశ్నల ఫారం చూసి మా ఆయన, "మన వీసాకి కూడా ఇన్ని అడగలేదు" అన్నాడు. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే పిల్లికి ఒప్పుకున్నట్టు లీజులో ఉందా? పగలు ఇంట్లో ఎవరుంటారు? సయామీస్ ఒంటరిగా ఉండలేదు, రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది, ఆ గొంతు భరించగలరా? ఆపరేషన్‌తో గోళ్ళు పూర్తిగా తీయించే ఉద్దేశం ఉందా?

కొన్ని ప్రశ్నలు మా గురించి ఆలోచించి అడిగినవి. నెలరోజులు ఇండియా వెళ్తే పిల్లిని ఎవరు చూస్తారు? ఉద్యోగం పోయి దేశం వదలాల్సి వస్తే? ఈ రెండో ప్రశ్నకు మా ఇంట్లోనే సరైన జవాబు లేదు, కాబట్టి నిజమే రాశాను. మేం ఉంచుకోలేని పరిస్థితి వస్తే తనకే తిరిగి ఇచ్చెయ్యాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు అన్నారు. అది ఒప్పందంలో కూడా ఉంది. ఇండియాకు తీసుకెళ్ళాలనుకుంటే రేబిస్ టీకా, హెల్త్ సర్టిఫికెట్, అక్కడి క్వారంటైన్ అధికారుల ఎన్ఓసీ కావాలని అప్పటికే చదివి పెట్టుకున్నాను. అది చెప్పాక ఆవిడ గొంతులో బిగువు తగ్గింది.

అసలు పంచాయితీ తిండి దగ్గర వచ్చింది. మా ఆయన గుడ్డు కూడా తినడు. శాకాహారం పెడతారా అని ఆవిడ సూటిగా అడిగారు. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకం తగినంత అందకపోతే గుండె కండరం, కంటిచూపు రెండూ దెబ్బతింటాయి. మనం తినని తిండి దానికి పెట్టాలా వద్దా అన్నది పిల్లిని తెచ్చాక తేల్చుకునే విషయం కాదు. మా ఇంట్లో ఆ చర్చ ఒక వారాంతం మొత్తం నడిచింది. పిల్లి తిండి డబ్బాలు గరాజ్‌లో ఉంటాయి, గిన్నెలు అక్కడే కడుగుతాం, ఆ పని నాది. ఇదీ ఒడంబడిక. పాలు పోస్తే చాలదా అంది అమ్మ. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. మన పప్పుల్లో, కూరల్లో పడే ఉల్లి, వెల్లుల్లి అయితే వాటికి విషమే. మిగిలిన అన్నం ఒక ముద్ద పడేస్తే పోతుందిలే అనుకునే అలవాటును మానుకోవాలి. లిల్లీ పూలు ఇంట్లోకే రాకూడదన్నారు, కిడ్నీలు పోతాయట. దేవుడి గదికి తలుపు ఉందా అని అడిగారు. దీపం, కర్పూరం రెండూ ప్రమాదమే అని నేనే చెప్పి, తలుపు ఫొటో పంపాను.

తర్వాత మా వంతు. సయామీస్‌లలో పి.ఆర్.ఎ. అనే కంటి జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. రెటీనా మెల్లగా పాడై చూపు పోతుంది. సి.ఇ.పి.290 అనే జన్యువులో ఒక మార్పు దానికి కారణం. బుగ్గ లోపల బ్రష్‌తో తుడిచి ల్యాబుకు పంపితే తెలిసిపోతుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ మార్పు వస్తేనే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే ఆ పిల్లి క్యారియర్, అంటే జబ్బు రాదు గానీ మార్పును మోస్తుంది. కాబట్టి ఒకటి క్యారియర్ అయినా రెండోది నార్మల్ అయితే ఆ పిల్లలకు ఇబ్బంది ఉండదు. అంతకుముందు మాట్లాడిన ఇద్దరు ముగ్గురు బ్రీడర్లు "డాక్టర్ చూశాడు, అంతా బావుంది" అన్నారు. డాక్టర్ చూడటం వేరు, జన్యు పరీక్ష వేరు. ఈవిడ అడక్కముందే రెండు రిపోర్టులూ పంపారు. తల్లి నార్మల్, గండుపిల్లి క్యారియర్. తన పిల్లి క్యారియర్ అని దాచకుండా చెప్పే మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

జన్యు పరీక్షలకు దొరకని జబ్బులూ ఉన్నాయి. ఆస్తమా ఉంది, కాలేయంలో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుపోవడం ఉంది. అందుకే "ఇంతకుముందు మీ దగ్గర పెరిగిన పిల్లులు ఏ వయసులో, దేనివల్ల పోయాయి?" అని అడిగాను. ఎవరైనా బ్రీడర్‌ను ఒక్క ప్రశ్నే అడగనిస్తే ఇదే అడగండి. ఒకదానికి ఆస్తమా వచ్చిందని, ఆ వంశంలో మళ్ళీ ఈతలు తీయలేదని చెప్పారు. పాత రకం పిల్లులు తక్కువ కాబట్టి రక్తసంబంధాలు దగ్గరైపోతాయన్న భయం కూడా నాకుంది. గండుపిల్లి తాత థాయ్‌లాండ్ నుంచి తెచ్చినదని వంశవృక్షం చూపించారు.

పిల్లలు పుట్టాక రెండో వారంలో ఫొటోలు వచ్చాయి. నాలుగూ తెల్లగా ఒకేలా ఉన్నాయి. సయామీస్‌లు పుట్టినప్పుడు అలాగే ఉంటాయి. వాటి ఒంట్లో రంగును తయారుచేసే ఎంజైము వేడికి పనిచెయ్యదు. కడుపులో వెచ్చగా ఉన్నన్నాళ్ళూ రంగు రాదు. బయటికి వచ్చాక చల్లగా ఉండే చెవులు, ముక్కు, పాదాలు, తోక మెల్లగా ముదురుతాయి. మొదట్లో రంగు పోల్చుకోవాలంటే పాదాల కింద మెత్తలు చూడాలని ఆవిడ నేర్పారు. చెవులు, తోక బాగా ముదురు రంగుకు వచ్చే సీల్ పాయింట్ రకానికి దాదాపు నల్లగా, అంతకన్నా తేలికగా ఉండే చాకొలెట్ రకానికి గులాబీ కలిసిన గోధుమరంగులో ఉంటాయి. ఫొటో చూసి ఇదే కావాలని చెప్పొద్దని మాత్రం గట్టిగా అన్నారు. తొమ్మిది వారాలు నిండాక రమ్మన్నారు.

వెళ్ళగానే నేను చూసింది పిల్లల్ని కాదు, తల్లిని. మమ్మల్ని చూసి పారిపోలేదు, మా ఆయన బూట్లు వాసన చూసి, గట్టిగా ఏదో అని, పక్కనే కూర్చుంది. పిల్లలు బోనుల్లో కాకుండా హాల్లో టీవీ మోత, మిక్సీ చప్పుడు మధ్య పెరుగుతున్నాయి. లిట్టర్ బాక్స్ (పిల్లులు మలవిసర్జన చేసే ఇసుక తొట్టి) వాసన లేదు. ఒక్కో పిల్లనూ ఎత్తి చూశాను. కళ్ళల్లో పుసి లేదు, ముక్కు కారడం లేదు, చెవుల్లో నల్లటి మురికి లేదు, పొట్ట ఉబ్బి లేదు. తోకను మొదలు నుంచి చివరిదాకా వేళ్ళతో తడిమితే ఒకదానికి చివర్న చిన్న వంకర తగిలింది. మెల్లకన్నూ వంకర తోకా ఒకప్పుడు సయామీస్‌లలో బాగా ఉండేవి. తోక వంకర వల్ల నష్టమేం లేదు, షోలకు మాత్రం ఆ పిల్ల పనికిరాదు. ఆవిడ దాని ధర తగ్గించారు కూడా.

ఒక మగపిల్ల మా బాబు భుజం దాకా ఎక్కేసింది. వాడికి అదే కావాలి. ఇంకోటి సోఫా కింద నుంచి బయటికే రాలేదు. ఆవిడ మమ్మల్ని కాసేపు ఏమీ చెయ్యకుండా నేల మీద కూర్చోమన్నారు. అంతలో బాబు చేతిలోని బొమ్మకారు జారి చెక్క నేల మీద ఠప్పున పడింది. అన్నీ చెదిరిపోయాయి. ఒక ఆడ పిల్లికూన గోడ దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి, మెల్లగా వచ్చి ఆ కారును వాసన చూసింది. "చిన్నపిల్లాడున్న ఇంటికి అదీ" అన్నారావిడ. భయపడని పిల్లకన్నా, భయపడి త్వరగా తేరుకునే పిల్ల మేలట. బాబు మూతి ముడిచాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో దారంతా అలక. అయినా ఆవిడ మాటే విన్నాం. తొమ్మిది వారాలు వాటితో గడిపిన మనిషికన్నా గంటసేపు చూసిన మాకు ఎక్కువ తెలుస్తుందా?

200 డాలర్ల డిపాజిట్ కట్టి సంతకాలు చేశాం. ఇంటికి తెచ్చిన మూడు రోజుల్లో మన డాక్టరుకు చూపించాలి, ఆరు నెలల్లోపు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, గోళ్ళు తీయించకూడదు. నెల తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాం. ఆవిడ రెండు టీకాల రికార్డు, అప్పటిదాకా తింటున్న తిండి ఒక సంచీడు, తల్లి వాసన ఉన్న గుడ్డముక్క ఇచ్చారు. పేరు గురివింద. తన నలుపు తనకు తెలియదు కదా అని మా ఆయన పెట్టాడు.

అయిదో నెలలో ఆపరేషన్ చేయించాం. దానికోసం పొట్ట దగ్గర బొచ్చు గొరిగారు. కొత్త బొచ్చు వచ్చేసరికి, మీగడ రంగు పొట్ట మీద అరచేతి వెడల్పున ముదురు గోధుమరంగు మచ్చ! మా ఆయన టెన్షన్ పడిపోయి, ఇన్ఫెక్షనేమో అని రాత్రి పదింటికి ఆవిడకు ఫొటో పంపాడు. బొచ్చు లేక అక్కడ చర్మం చల్లబడింది, అందుకే రంగొచ్చింది, బొచ్చు రాలి మళ్ళీ వచ్చేసరికి తేలికపడుతుంది అని ఆవిడ రాశారు. కింద ఇంకో వాక్యం: ఎండాకాలం దాకా ఆగండి, ఈలోగా దానికి స్వెట్టర్ మాత్రం కొనొద్దు. ఆయన అప్పటికే ఒకటి ఆర్డర్ చేసి ఉన్నాడు.