ట్యాన్ బాటిల్ మీద బ్రాంజర్ అని ఉందా, యాక్సిలరేటర్ అని ఉందా? ముందు అది చూడండి

మన హైదరాబాద్‌లో ట్యాన్ అంటే వదిలించుకునేదే కదా, అమీర్‌పేట్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏ పార్లర్‌కెళ్ళినా డీ-ట్యాన్ చేయమంటారా మేడమ్ అనే అడుగుతారు, కానీ మా తమ్ముడి జిమ్‌లో లెక్క వేరు. బాడీబిల్డింగ్ షోకి స్టేజ్ ఎక్కాలంటే ఒళ్ళంతా ముదురు రంగు పట్టించాలి, లేకపోతే ఆ లైట్ల కింద నెలల తరబడి కడుపు మాడ్చుకుని తెచ్చుకున్న కట్స్, అంటే కండల గీతలు, ఏవీ కనపడవు. అందుకని అమెరికా నుంచి ఎవరొస్తున్నా ట్యానింగ్ లోషన్ తెమ్మంటున్నారు, వాళ్ళేమో అక్కడ దొరికిన ఇండోర్ ట్యానింగ్ లోషన్ పట్టుకొస్తున్నారు. నేను ఫార్మసీ చదివాను కాబట్టి ఆ బాటిళ్ళన్నీ చివరికి నా దగ్గరికే వస్తాయి, అక్కా ఇది పూసుకోవచ్చా అని.

ముందు ఒకటి తెలుసుకోండి, ఇండోర్ ట్యానింగ్ లోషన్ అంటే ఇంట్లో పూసుకునే లోషన్ అని కాదు. యూవీ లైట్లున్న ట్యానింగ్ బెడ్‌లో పడుకునేవాళ్ళ కోసం చేసింది అది. దాంట్లో ఉండే బ్రాంజర్, యాక్సిలరేటర్ రెండూ వేరే వేరే పనులకి.

బ్రాంజర్ అంటే రంగే. కారమెల్, ఐరన్ ఆక్సైడ్ లాంటివి వేస్తే పూసిన వెంటనే రంగు కనపడుతుంది, చెమట పట్టినా స్నానం చేసినా పోతుంది. అసలు పని చేసేది డీహెచ్ఏ, అంటే డైహైడ్రాక్సీఅసిటోన్, మూడు కార్బన్‌ల చిన్న చక్కెర. చర్మం పైపైన ఉండే చచ్చిన పొరలోని అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమ రంగుగా మారుతుంది, దానికి ఎండతో గానీ యూవీతో గానీ పని లేదు. మన గోరింటాకు లాగే అనుకోండి, రసాయనం వేరే అయినా తీరు అదే, పూసిన కొన్ని గంటలకి రంగు మొదలై మర్నాటికి ముదురుతుంది, అరచేతుల్లాంటి మందం చర్మం మీద ఎక్కువ పండుతుంది, ఆ పొర రాలే కొద్దీ వారం లోపు వెలిసిపోతుంది. 1950ల్లో సిన్సినాటీలో ఈవా విట్‌గెన్‌స్టైన్ అనే ఆవిడ గ్లైకోజన్ జబ్బు (ఒంట్లో చక్కెర నిల్వల తేడా) ఉన్న పిల్లలకి డీహెచ్ఏ తాగిస్తుంటే ఒంటి మీద ఒలికిన చోటల్లా గోధుమ రంగు మచ్చలు పడ్డాయంట, ఈ వాడకం అక్కడి నుంచే వచ్చింది. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా దీన్ని పైపూత రంగుగా ఒప్పుకుంది, కానీ కళ్ళకి, పెదాలకి, ముక్కు లోపలికి తగలకూడదు, స్ప్రే కొట్టేటప్పుడు పీల్చకూడదు.

యాక్సిలరేటర్ కథ వేరు. చర్మానికి రంగిచ్చే మెలనిన్ టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారవుతుంది, అది నిజం, కాబట్టి టైరోసిన్ పూస్తే మెలనిన్ త్వరగా వస్తుంది అని అమ్ముతారు. కానీ మెలనిన్ తయారుచేసే కణాలుండేది ఎపిడెర్మిస్ (చర్మం పై పొర) అడుగున, పైన రాసిన టైరోసిన్ అక్కడికి చేరి ట్యాన్ పెంచుతుందని సరైన ఆధారం లేదు, మెలనిన్ పెంచుతామని చెప్పుకునే ఇలాంటి ఉత్పత్తులని ఎఫ్‌డీఏ అనుమతి లేని మందుల కింద లెక్కగట్టి వార్నింగ్ లెటర్లు కూడా ఇచ్చింది. ఇంకో విషయం, చాలా బాటిళ్ళలో యాక్సిలరేటర్‌తో పాటు డీహెచ్ఏ కూడా ఉంటుంది. బెడ్ మీద పడుకుని లేచిన మర్నాడు రంగొస్తే యాక్సిలరేటర్ భలే పనిచేసింది అనుకుంటారు, నిజానికి కొత్త మెలనిన్ తయారై కనపడటానికి రెండు మూడు రోజులు పడుతుంది, మర్నాటి రంగులో ఎక్కువ భాగం డీహెచ్ఏదే, బెడ్ ఎక్కకపోయినా వచ్చేది.

టింగిల్ అని రాసున్న వాటిలో నికోటినేట్లు ఉంటాయి, రక్తం చర్మం పైకి ఎక్కి ఎర్రగా మండుతుంది, ఆ మంటకి ట్యాన్‌కి సంబంధం లేదు. ఒకప్పుడు యూరప్‌లో ట్యాన్ పెంచడానికి బెర్గాప్టెన్ అనే సోరలెన్ కూడా కలిపేవాళ్ళు. మనకి బావంచాలు తెలుసు కదా, బొల్లికి వాడే గింజలు, వాటిలో ఉండేది కూడా సోరలెనే. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కి కాలిపోతుంది, క్యాన్సర్ భయం కూడా ఉంది. ఎవరైనా నాచురల్ ట్యానింగ్ ఆయిల్ అని బావంచాల నూనె ఇస్తే దయచేసి ముట్టుకోకండి.

నాకు నిజంగా భయమేసేది ఏంటంటే, బెడ్ లేదు కదా అని ఈ పిల్లలు లోషన్ పూసుకుని ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం మేడ మీద పడుకుంటున్నారు. మన దగ్గర అప్పుడు యూవీ ఇండెక్స్ 10 దాటడం మామూలే. ఈ లోషన్‌లో సన్‌స్క్రీన్ ఉండదు, ఆ మాట బాటిల్ మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది, డీహెచ్ఏ రంగు కూడా ఎండని ఆపదు. ట్యానింగ్ బెడ్‌లని 2009లో డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ సంస్థ పొగాకు ఉన్న గ్రూప్ 1లో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తాయని తేలిన వాటిలో, పెట్టింది, అదే ఏడాది బ్రెజిల్ నిషేధించింది, ఆస్ట్రేలియాలో కూడా వ్యాపారానికి నడిపే బెడ్‌లు ఇప్పుడు లేవు. మనది ముదురు చర్మం కాబట్టి ఏం కాదులే అనొద్దు, మెలనిన్ కొంత కాపాడుతుంది కానీ పూర్తిగా కాదు.

స్టేజ్‌కి కావాల్సింది డీహెచ్ఏ ఉన్న కాంపిటీషన్ ట్యానే, లేదా డీహెచ్ఏ సెల్ఫ్ ట్యానర్. లేబుల్‌లో ఆ పేరుందో లేదో చూసుకోండి. షోకి రెండ్రోజుల ముందే షేవింగ్, స్క్రబ్బింగ్ అయిపోవాలి, పూసే రోజు మాయిశ్చరైజర్, డియోడరెంట్ ఏమీ వద్దు, మోచేతులు, మోకాళ్ళు, మడమల మీద మాత్రం కొంచెం మాయిశ్చరైజర్ రాయాలి లేకపోతే అక్కడ నల్లగా పట్టేస్తుంది. గ్లవ్స్ వేసుకుని పూయాలి, వీపుకి ఇంకో మనిషి కావాలి, ఒక కోటు ఆరాకే ఇంకోటి. ఆ తర్వాత ఏసీ రూమ్‌లో వదులు బట్టల్లో ఉండండి, చెమట కారితే చారలు పడిపోతాయి. హోటల్ రూమ్ అయితే సొంత పాత దుప్పటి తీసుకెళ్ళండి, తెల్ల బెడ్‌షీట్ పాడైతే డబ్బులు కట్టమంటారు. వారం ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు చూడండి, దురద గానీ ఎరుపు గానీ వస్తే ఆ బాటిల్ మీకు పడదు, వేరేది వెతుక్కోవడానికి టైమ్ ఉంటుంది.