గిల్రే వ్యంగ్య ముద్రలు: తేదీ ఎక్కడ మోసం చేస్తుంది

బ్రిటిష్ వ్యంగ్యచిత్రకారుడు జేమ్స్ గిల్రే ముద్ర (రాగిరేకుపై చెక్కి కాగితంపై అచ్చు వేసిన బొమ్మ) జాబితాకెక్కించడానికి చేతికొస్తే ముందు బొమ్మ కింది అంచు చూడండి. 1735 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం రాగిరేకు మీదే హక్కుదారు పేరు, ప్రచురణ తేదీ చెక్కాల్సి ఉండేది. గిల్రే ముద్రల్లో చాలావాటిపై ఆయన ప్రచురణకర్త హన్నా హంఫ్రీ పేరు, ఆమె లండన్ దుకాణం చిరునామా ఉంటాయి. ఆ వరుసను పాత స్పెల్లింగుతో, విరామ చిహ్నాలతో సహా ఉన్నదున్నట్టు జాబితాలో ఎక్కించాలి. అంచులు కత్తిరించిన ప్రతుల్లో ముందు పోయేది ఆ వరుసే. అప్పుడు వేరే ప్రతి చూసి నింపిన భాగాన్ని చదరపు కుండలీకరణాల్లో పెట్టాలి.

అసలు చిక్కు తేదీతోనే. అది రేకు తేదీ, ఈ కాగితం తేదీ కాదు. గిల్రే 1815లో చనిపోయాడు. ఆయన రేకులతోనే ప్రచురణకర్త హెన్రీ బోన్ 1851లో మళ్లీ అచ్చు వేశాడు. మందపాటి కాగితానికి రెండువైపులా బొమ్మలుంటే, రంగులు లేకుంటే బోన్ ప్రతి అని గట్టిగా అనుమానించండి. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడండి. 1794 తర్వాతి ఇంగ్లిష్ కాగితంలో నీటిగుర్తుతోపాటు (కాగితం తయారీలోనే పడే, వెలుతురులో కనిపించే గుర్తు) తరచూ సంవత్సరం కూడా కనిపిస్తుంది. అచ్చు అంతకుముందుది కాదని అది తేలుస్తుంది, అంతవరకే.

కొలతలు మిల్లీమీటర్లలో, ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. రేకు నొక్కుడు గీతను (అచ్చు వేసేటప్పుడు రేకు అంచు కాగితంపై వదిలిన గుర్తు), కాగితాన్ని విడివిడిగా కొలవాలి. గీత కనబడకపోతే 'కత్తిరించినది' అని రాయాలి.

చివరగా బ్రిటిష్ మ్యూజియం వ్యంగ్యచిత్రాల జాబితాలో ఆ బొమ్మకున్న సంఖ్య రాయాలి. 1805 నాటి 'ది ప్లమ్-పుడింగ్ ఇన్ డేంజర్'కు అది 10371. ఈ సంఖ్య లేకపోతే వేరే గ్రంథాలయంలోని ప్రతితో పోల్చడం చాలా కష్టం.