కొత్త కోడిపిల్లలు: ఈకలు వచ్చేదాకా రాసుకున్నవి

పిల్లలు రాకముందే బ్రూడర్, అంటే వాటిని వెచ్చగా ఉంచే దడి, సిద్ధం చేసి, దీపం ముందు రోజు నుంచీ వెలిగించి ఉంచాను. లోపలి గాలి వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు గానీ కింద పరిచిన ఊక వేడెక్కడానికి గంటలు గంటలు పడుతుంది. కోడిపిల్లకు చలి అరికాళ్ల నుంచే మొదలవుతుంది. కాళ్లు చల్లబడ్డ పిల్ల మేత ముట్టదు, నీళ్లు తాగదు, కళ్లు మూసుకుని ముడుచుకుంటుంది. అందుకే థర్మామీటరును పైన వేలాడదీయకుండా పిల్ల వీపు ఎత్తులో పెట్టాను. దీపం కింద అక్కడ 35 డిగ్రీలు చూపించాలి, అదీ మొదటి వారానికే.

బ్రూడర్ అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. పలుచటి రేకును గుండ్రంగా చుట్టి నిలబెట్టాను, అంతే. గుండ్రంగా ఎందుకంటే, మూల కనబడితే చాలు, భయపడిన పిల్లలు అందులోకి దూరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడ్డదానికి ఊపిరాడదు. కింద రెండంగుళాల మందాన వరి ఊక. ఉత్త వార్తాపత్రిక పరిస్తే నున్నగా ఉండి కాళ్లు రెండు పక్కలకు జారిపోతాయి, లేత కీళ్లు అలాగే వంకర తిరుగుతాయి. ఒకటి రెండు రోజులు మాత్రం ఊక మీద గరుకు గుడ్డ పరిచి దాని మీదే మేత చల్లాను. మేత ఏదో, ఊక ఏదో వాటికి ముందు తెలియాలి కదా!

దీపం ఎర్రటి 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు, దానికి వెలుగే గానీ చాలినంత వేడి ఉండదు. నడిమధ్యన కాకుండా ఒక పక్కకు, ఊకకు అడుగున్నర ఎత్తులో కట్టాను. వేడెక్కువైన పిల్ల దూరం జరగడానికి రెండో పక్క చల్లగా ఉండాలి. కరెంటు తీగను నమ్మి దీపాన్ని దానికే వేలాడదీయడం నాకు ఇష్టం లేదు. ఇనుప గొలుసుతో కట్టి, అది తెగితే ఆపడానికి ఇంకో తీగ కూడా బిగించాను. ఎండు ఊకలో బల్బు పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పిల్లలు రాగానే ముందు నీళ్లు, తర్వాతే మేత. గుడ్డు పగిలి బయటికి వచ్చే ముందు, మిగిలిన పచ్చసొన పిల్ల కడుపులోకి చేరిపోతుంది, దాని బలంతో రెండు మూడు రోజులు ఏమీ తినకుండా ఉండగలవు. ఒకరోజు వయసు పిల్లలను దూరాలు పంపగలిగేది అందుకే. అయినా ప్రయాణంలో ఒంట్లో నీరు తగ్గుతుంది. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని ముక్కు కొసను గోరువెచ్చటి నీళ్లకు తాకించాను, ముక్కురంధ్రాలు మునగకుండా. క్షణం ఆగి, తల పైకెత్తి, ముక్కు టకటకలాడించి మింగింది. ఆ తర్వాత దానంతట అదే మళ్లీ వంగింది. కొన్నింటికి ఇలా చూపిస్తే చాలు, మిగతావి చూసి నేర్చుకుంటాయి. నీటి పళ్లెంలో గోళీలు పరిచాను. బొటనవేలి లోతు నీళ్లలో కూడా మునిగి చచ్చేంత చిన్న ప్రాణాలివి.

రాత్రి పడుకోబోయే ముందు ఒక్కోదాని మెడ కింద, రొమ్ము పైభాగాన ఉండే మేతసంచిని వేలితో తడిమాను. నిండుగా, మెత్తగా తగిలితే మేతా నీళ్లూ రెండూ అందినట్టు. గట్టిగా ఉంటే నీళ్లు చాలలేదని, ఖాళీగా ఉంటే మేత దొరకలేదని అర్థం. ఖాళీ సంచివాటిని మళ్లీ పళ్లెం దగ్గర వదిలాను.

థర్మామీటరు కొన్నాను గానీ, అసలు లెక్క చెప్పేది పిల్లలే. దీపం కింద కుప్పగా చేరి గొంతు పెంచి ఆపకుండా అరుస్తుంటే చలి. రేకు అంచుకు పోయి, రెక్కలు దించి, నోళ్లు తెరిచి వగరుస్తుంటే వేడి. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్క నుంచి ఈదురుగాలి వస్తోందని వెతకాలి. చెల్లాచెదురుగా తిరుగుతూ, మెల్లగా కిచకిచలాడుతూ ఉంటే ఇక దేన్నీ కదిలించక్కర్లేదు. కాళ్లూ మెడా చాచి బోర్లా పడి ఉన్న పిల్లను చూసి గుండె ఆగినంత పనవుతుంది, అది హాయిగా నిద్రపోతోందంతే.

కొన్నింటికి వెనక రెట్ట గట్టిపడి ద్వారం మూసుకుపోయింది. ప్రయాణం చేసి, వేడిలో తేడా చూసిన పిల్లలకు ఇది మామూలే, వదిలేస్తే మాత్రం చచ్చిపోతాయి. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో నాననిచ్చి తుడిచాను. లాగితే లేత చర్మం ఊడొస్తుంది. తర్వాత పూర్తిగా ఆరబెట్టి లోపలికి వదిలాను. పొట్ట కింద ఎండి అంటుకున్న బొడ్డును మాత్రం ముట్టుకోకూడదు, అది దానంతట అదే రాలిపోతుంది. పిల్లలను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆరోగ్యంగా కనిపించే పిల్లల మీద కూడా మనకు విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు.

వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తున్నాను: రెండో వారం 32, మూడో వారం 29. గొలుసును కాస్త పైకి ఎత్తడమే పని. కరెంటు పోతే వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి మధ్యలో పెట్టి, పైన దుప్పటి సగమే కప్పుతాను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టమనే సలహా వినను, దాని నుంచి వచ్చే కంటికి కనబడని విషవాయువు పిల్లలనే కాదు, మనల్నీ చంపుతుంది.

రెండో వారం నుంచి బెడద చలిది కాదు, తడిది. ఊక పిడికిట పట్టి నొక్కితే ముద్దయితే తీసి కొత్తది వేయాల్సిందే. రక్తపారుడు తెచ్చే కాక్సీడియా అనే పరాన్నజీవి తడి, వెచ్చదనం ఉన్నచోట రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తుంది. నీటి డబ్బాను ఇటుక మీదికెక్కించి, అంచు పిల్లల వీపు ఎత్తుకు వచ్చేలా పెట్టాక ఒలకడం చాలా తగ్గింది. మేతకు చిక్ స్టార్టరే, అంటే చిన్న పిల్లల కోసం తయారుచేసిన దాణానే, వాడుతున్నాను, ఉత్త నూకలతో మాంసకృత్తులు చాలవు. కొక్కెర తెగులు (రాణిఖెట్) టీకా మొదటి వారంలోనే కంట్లో చుక్కగా వేయించాను. కాళ్లు పడిపోయేలా చేసే మారెక్స్ జబ్బుకు టీకా పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చిన రోజే వేస్తారు గనక కొనేటప్పుడే అడగాలి.

ఇప్పుడు రెక్కలకూ తోకకూ ఈకలు నిండాయి, మెడ దగ్గర మాత్రం ఇంకా నూగే. పగలు దీపం ఆపేస్తున్నాను, రాత్రికి వెలిగిస్తున్నాను. ఒళ్లంతా ఈకలు కప్పేసరికి ఆరో వారం దాకా పట్టవచ్చు. ఆలోగా బయటి గూటికి ఇనుప జాలీ బిగించాలి. ఎలుకలు దూరకుండా కన్ను పావంగుళం మించకూడదు, అంచును నేలలోకి అడుగు లోతున పాతాలి.