మా లాయంలో ఏడో పిల్ల

ఆన్‌లైన్ గుర్రప్పందేల సిమ్యులేషన్ ఆటలో నేను లాయం తెరిచి రెండేళ్లు దాటింది. మొదటి ఏడాదంతా నేను చేసింది గుర్రాల పెంపకం కాదు, పేర్ల మోజు. ఖజానాలో నాణేలు చేరిన ప్రతిసారీ, పట్టికలో అందరికన్నా పైన ఉన్న మగగుర్రంతో మా ఆడగుర్రానికి జత కట్టించేవాణ్ని. 1600 నుంచి 2000 మీటర్ల మధ్య పద్నాలుగు పందేలు గెలిచిన తల్లికి, 2000 మీటర్లలో తిరుగులేని తండ్రికి పుట్టిన పిల్ల పరుగెత్తక ఏం చేస్తుందిలే అన్న ధీమా నాది. ఆవు చేను మేస్తే దూడ గట్టు మేస్తుందా అంటారు కదా. ఆ జంటకు పుట్టిన మొదటి ఆరు పిల్లలూ నిక్షేపంగా గట్టునే మేశాయి.

కారణం వెతుక్కుంటూ నిజమైన గుర్రాల గురించి చదివినప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. కండరాల పెరుగుదలను అదుపులో ఉంచే మయోస్టాటిన్ అనే జన్యువులో ఒకే ఒక్క డీఎన్ఏ అక్షరం తేడా పందేల కోసం పెంచే థారోబ్రెడ్ జాతి గుర్రానికి ఏ దూరం నప్పుతుందన్న దానిపై గట్టి ప్రభావం చూపుతుందని 2010లో డబ్లిన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ అక్షరం సి గానీ టి గానీ అవుతుంది; తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున వచ్చే రెండు ప్రతుల్లోనూ సి ఉన్నవి పొట్టి పందేలకు, రెండూ టి అయినవి దూరపు పందేలకు, సి-టి కలిసినవి మధ్య దూరాలకు మొగ్గుతాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ సి-టి అయితే సగటున నాలుగు పిల్లల్లో రెండు మాత్రమే వాళ్లలా పుడతాయి. మిగిలిన రెండింటిలో ఒకటి అటు, ఒకటి ఇటు పోతుంది. మా ఆట ఈ లెక్కనే వాడుతోందో లేదో దాన్ని తయారుచేసినవాళ్లు చెప్పరు గానీ, ఒకే జంటకు పుట్టిన పిల్లలు అంతగా చెదిరిపోవడం చూశాక నాకు వేరే అనుమానమేమీ మిగల్లేదు. పట్టికలో రేటింగుగా ఇచ్చే నక్షత్రాలు ఆ గుర్రం సత్తా చెబుతాయి తప్ప, పిల్లకు ఏమిస్తుందో చెప్పవు. 1973లో అమెరికాలోని బెల్మాంట్ పందేన్ని 31 గుర్రాల నిడివి తేడాతో గెలిచిన సెక్రటేరియట్ అంతటిది కూడా తన సాటి కొడుకును ఇవ్వలేకపోయింది. దాని రక్తం గొప్పగా పలికింది కూతుళ్ల ద్వారా, స్టార్మ్ క్యాట్, ఏపీ ఇండీ వంటి మనవల్లో.

ఏడో పిల్ల ఎర్రగోధుమ రంగు ఆడపిల్ల. నక్షత్రాలు మూడే. అమ్మకానికి పెట్టాను, ఎవరూ అడగలేదు. సరేనని వంశం ప్రకారం దూరపు పరుగుల శిక్షణే ఇచ్చి, 2000 మీటర్ల పందేల్లో మూడుసార్లు దింపితే తొమ్మిది, పదకొండు, ఎనిమిది స్థానాల్లో వచ్చింది. మూడో పందెం అయ్యాక ఒక రాత్రి, ఏమీ తోచక, ప్రతి 200 మీటర్లకూ అది తీసుకున్న సమయాలు చూస్తూ కూర్చున్నాను. 1200 మీటర్ల గుర్తు దాకా అందరికన్నా ముందున్నది మా పిల్లే. అక్కడి నుంచి ప్రతి 200 మీటర్లకూ సుమారు అర సెకను చొప్పున జారిపోతూ వచ్చింది. మునుపటి రెండు పందేలు తెరిచి చూసినా అదే కథ. ఫలితాల పట్టికలో చివరి స్థానం ఒక్కటే చూసే అలవాటు వల్ల మూడు పందేలపాటు నేను దాన్ని చూడనేలేదు.

శిక్షణ మొత్తం మార్చేశాను. నిదానమైన దూరపు పరుగులు తీసేసి, పొట్టి, వేగమైన పరుగులు వారానికి రెండే ఉంచాను; మిగతా రోజుల్లో నడక, గేటు దగ్గర నిలబడే సాధన, విశ్రాంతి. శిక్షణ పట్టికలో ఖాళీ గడి కనిపిస్తే ఏదో ఒక కసరత్తుతో నింపడం కొత్తగా ఆడేవాళ్లందరికీ ఉండే జబ్బే, నాకూ ఉండేది. అలసట పట్టీ ఎర్రబడ్డాక చేయించే కసరత్తు లాభం ఇవ్వకపోగా గాయాన్ని తెస్తుంది. జాకీకి ‘ముందుకు పో’ అన్న సూచన ఇచ్చి 1200 మీటర్ల పందెంలో దింపాను. చివరి వంద మీటర్లలో బయటి వైపు నుంచి బూడిదరంగు గుర్రం ఒకటి దూసుకొచ్చి దాదాపు అందుకుంది, కానీ మాది మెడ నిడివి తేడాతో గెలిచింది. ఆ తర్వాత అదే దూరంలో మరో ఐదు గెలిచింది.

ఇప్పుడది పందేలు మానేసి తల్లి కాబోతోంది. జత విషయంలో చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. దగ్గరి రక్తాన్ని కలిపితే ఎలా ఉంటుందన్న ఆశ కూడా పుట్టింది. 2017, 2018లలో ఫ్రాన్స్‌లోని ఆర్క్ పందెం గెలిచిన ఎనేబుల్ అనే ఆడగుర్రానికి శాడ్లర్స్ వెల్స్ అనే మగగుర్రం తల్లి వైపు తాత, తండ్రి వైపు ముత్తాత. కానీ ఎనేబుల్ ఒక్కటే మనకు గుర్తుంటుంది, అలాంటి జతలకే పుట్టి పేరు లేకుండా పోయినవి గుర్తుండవు. చివరికి 2400 మీటర్లలో రాణించిన, ఖ్యాతి అంతగా లేని మగగుర్రాన్ని ఎంచుకున్నాను. నా ఊహ నిజమై మా పిల్ల సి-సి, అది టి-టి అయితే, పుట్టేవన్నీ మధ్య దూరాలవే కావాలి. నిజంలో పదకొండు నెలలు పట్టే గర్భం ఆటలో మూడు వారాల్లో పూర్తవుతుంది. శిక్షణ పట్టికలో పుట్టబోయే పిల్ల గడులన్నీ ఈసారి ఖాళీగానే ఉంచాను.