చేయి సన్నబడుతుంటే మెడకు స్కాన్ ఎందుకు? – నా అనుభవం

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనకవైపు ఉండే కండ కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. నా కుడిచేతికి అక్కడ గుంత పడింది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. చలికాలంలో పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుందామంటే వేళ్లు మాట వినేవి కావు, ఎండెక్కాక మళ్లీ వినేవి. అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. ఇలాంటి చేతితో ఫోన్‌లో వెతికితే మొదట ఎదురయ్యే పేరు ఏఎల్‌ఎస్, అంటే కండలను నడిపే నరకణాలు చచ్చిపోతూ ఒళ్లంతా పాకే ప్రాణాంతక జబ్బు. అది చదివాక ఇక నిద్ర పట్టదు. నాకు చివరికి తేలింది మాత్రం హిరయామా జబ్బు. తేలడానికి పదకొండు నెలలు పట్టింది. అందులో సగం తప్పించుకోగలిగిన ఆలస్యమే, అందుకే ఇది రాస్తున్నాను.

ఈ జబ్బును 1959లో జపాన్ వైద్యుడు కెయిజో హిరయామా వర్ణించారు. మన దేశంలోనూ కొత్తదేం కాదు. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి వైద్యులు ఒకే చేయో ఒకే కాలో సన్నబడే రోగుల గురించి 1984లోనే రాశారు. చేతికి వచ్చేది ఎక్కువగా పదిహేను, ఇరవై అయిదేళ్ల మధ్య మగపిల్లలకు. ఎక్కువమంది వైద్యులు ఒప్పుకునే వివరణ ఇది: ఎదిగే వయసులో వెన్నెముక పొడవు పెరిగినంతగా వెన్నుపాము చుట్టూ ఉండే పొర పెరగదు. తల వంచినప్పుడల్లా వెనకవైపు పొర బిగిసి ముందుకు జరిగి, వెన్నుపామును ముందున్న ఎముకలకేసి అదుముతుంది. చేతి కండలను నడిపే కణాలు సరిగ్గా ఆ చోటే ఉంటాయి. రోజూ నొక్కుడు పడి, రక్తం సరిగా అందక అవి మెల్లగా చచ్చిపోతాయి.

ముంజేతిని టేబుల్ ల్యాంపు కింద పెట్టి చూస్తే ఒక గుర్తు కనిపిస్తుంది. మోచేయి దగ్గర మొదలై బొటనవేలి వైపు దిగే కండ నిండుగానే ఉంటుంది. చిటికెనవేలి వైపు మాత్రం పలచబడి, రెండింటి మధ్య ఏటవాలుగా గట్టు కట్టినట్టుంటుంది. వేళ్లు బారచాపితే సన్నగా వణుకుతాయి. అరచేతిలో చిటికెనవేలి వైపు కండ ఎక్కువ తగ్గడం హిరయామాలో సాధారణం. ఏఎల్‌ఎస్‌లో బొటనవేలి వైపు ముందు తగ్గి, చిటికెనవేలి వైపు కొంతకాలం నిలుస్తుంది. ఇది చూసుకుని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. డాక్టరుకు ఏం చూపించాలో తెలియడానికి మాత్రమే చెబుతున్నాను. ఇక కన్నదిరినట్టు కండ అదరడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ ఉంటుంది. బలం తగ్గకుండా అదురు ఒక్కటే ఉంటే అది చాలావరకు ప్రమాదం లేనిదే.

టేపుతో కొలవడం గురించి ఒక మాట. మోచేతి ఎముక కొస నుంచి కిందికి 10 సెంటీమీటర్లు లెక్కపెట్టి పెన్నుతో గీత గీసి, చేయి వదులుగా బల్ల మీద పెట్టి, రెండు చేతులూ కొలవాలి. నెలకు ఒక్కసారి చాలు. నేను రోజూ కొలిచేవాణ్ని. టేపు కాస్త బిగిస్తే చాలు అర సెంటీమీటరు తేడా వస్తుంది, ఆ అర సెంటీమీటరుకు రాత్రంతా ఏడ్చిన రోజులున్నాయి. కొలత కంటే చేతి ఫోటో మేలు. ఒకే వెలుతురులో, ఒకే కోణంలో, తేదీ వేసి తీసుకోండి.

ఇలాగే కండ తగ్గించే వేరే జబ్బులేమైనా ఉన్నాయేమోనని డాక్టరు దూదితో, సూదితో స్పర్శ చూస్తారు. మోచేతి లోపలివైపు, దెబ్బ తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమనే నరాన్ని తడిమి చూస్తారు. ఆ నరం లావెక్కి ఉన్నా, చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ ఉన్నా కుష్ఠు సంగతి తేల్చుకోవాలి. మందులతో నయమయ్యేదాన్ని సిగ్గుపడి దాచుకోవద్దు. ఇంకొకటి మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి, అంటే కండలను నడిపే నరాలు అక్కడక్కడ దెబ్బతినే జబ్బు. అచ్చం ఇలాగే కండ తగ్గుతుంది, కానీ దానికి ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు) ఎక్కించే చికిత్స ఉంది. నరాల పరీక్షలు సగంలో ఆపకూడదనేది ఇందుకే.

రక్తపరీక్షల్లో సీపీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) ఉంటే ఈఎంజీ (కండలోకి సూది గుచ్చి దాని విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష) కంటే ముందే రక్తం ఇవ్వండి. సూదులు గుచ్చాక అది కొంచెం పెరగొచ్చు. బరువులెత్తే అలవాటుంటే కొన్ని రోజులు ఆపి వెళ్లండి, కసరత్తుకూ పెరుగుతుంది. నరం సంకేతాన్ని ఎంత వేగంగా మోస్తుందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష రోజు చేతికి నూనె, క్రీము రాయకూడదు. చేయి చల్లగా ఉంటే నరం వేగం తక్కువ చూపిస్తుంది. ఏసీ గదిలో అరగంట కూర్చోబెట్టి ఉంటే, గోరువెచ్చని నీళ్లో దుప్పటో అడగడానికి మొహమాటపడొద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సూది పెట్టకముందే చెప్పాలి. ఈఎంజీ బాగోలేని చేతికి మాత్రమే చేసి వదిలేస్తే చాలదు. రెండో చేయి, కనీసం ఒక కాలు కూడా చూడాలి, ఎందుకంటే ఏఎల్‌ఎస్ ఉందా లేదా అని తేల్చేది ఎంతవరకు పాకింది అన్నదాన్ని బట్టే.

రిపోర్టులో ‘యాంటీరియర్ హార్న్ సెల్’ అన్న మాట చూసి నేను మెట్ల మీదే కూలబడ్డాను. ఆ మాటకు అర్థం వెన్నుపాములోని చేతి కణాలు దెబ్బతిన్నాయని మాత్రమే. హిరయామాలోనూ అదే రాస్తారు. జబ్బు పేరు వేరే తేలాలి.

అసలు ఆలస్యం ఎంఆర్‌ఐ దగ్గర జరిగింది. మొదటిసారి మామూలుగా వెల్లకిలా పడుకోబెట్టి మెడ స్కాన్ తీశారు. ‘నార్మల్’ అని వచ్చింది, అయిదు నెలలు ఊరికే పోయాయి. తల నిటారుగా ఉన్నప్పుడు పొర తన చోట తానుంటుంది, కాబట్టి ఏమీ దొరక్కపోవచ్చు. చీటీ మీద డాక్టరు ‘మెడ వంచి, కాంట్రాస్ట్‌తో’ అని స్పష్టంగా రాయాలి. కాంట్రాస్ట్ అంటే స్కానులో సిరలు స్పష్టంగా కనపడేందుకు రక్తంలోకి ఎక్కించే మందు. స్కానింగ్ సెంటరుకు ముందే ఫోన్ చేసి, వంచి తీయడం వాళ్లకు అలవాటుందా అని అడగండి. కాంట్రాస్ట్‌కు ముందు, కిడ్నీలు బాగున్నాయో లేదో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు. తల కింద స్పాంజి దిమ్మలు పెట్టి గడ్డం ఛాతీ వైపు వంచి, అలాగే కదలకుండా ఉంచుతారు. చేతిలో తిమ్మిరి పెరిగితే ఓర్చుకోవద్దు, గంట నొక్కండి. నా రెండో స్కానులో వెన్నుపాము వెనక నెలవంకలా తెల్లటి జాగా కనిపించింది. పొర ముందుకు జరగ్గా ఖాళీ అయిన చోట సిరలు ఉబ్బి అలా వెలుగుతాయి. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండో డాక్టరు చూడాలనేది బొమ్మల్నే, రిపోర్టును కాదు.

చికిత్స మెడకు పెట్టుకునే కాలర్. తల వంగకుండా ఆపడమే దాని పని. మెత్తటి స్పాంజి కాలర్ మీద గడ్డం ఆనించి ఫోన్ చూస్తే మెడ వంగుతూనే ఉంటుంది, పెట్టుకున్నా పెట్టుకోనట్టే. గడ్డం కింద గట్టిగా ఆపేది కావాలి. చదివేటప్పుడు, తినేటప్పుడు, బస్సులో కునుకు పట్టేటప్పుడు తప్పనిసరి. మన ఎండలకు లోపల చెమటపొక్కులు లేస్తాయి. పలచటి నూలుగుడ్డ మడిచి లోపల వేసి, రోజుకు రెండుసార్లు మార్చాను. పుస్తకం కళ్ల ఎత్తుకు స్టాండు మీద పెట్టాలి, తలగడ పలచగా ఉండాలి. కాలర్ వల్ల మెడకండలు బలహీనపడకుండా, మెడ కదపకుండా అరచేతిని తలకు అదిమి చేసే కసరత్తు ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. సాధారణంగా మూడు, నాలుగేళ్లు వాడిస్తారు. అయినా చేయి ఇంకా తగ్గుతూ పోతే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. జబ్బు దానంతట అదే కూడా చాలామందిలో అయిదేళ్లలోపు ఆగిపోతుంది, కానీ ఈలోపు పోయిన కండ చాలావరకు తిరిగి రాదు. అందుకే తొందరగా తేలడం ముఖ్యం. ప్రోటీన్ పొడులు, నూనె మర్దనలు ఆ కండను తెప్పించవు. నేను రెండూ చేసి చూశాను.

మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, నడకలో కాళ్లు బిగుసుకున్నా, మూత్రం పట్టు తప్పినా అది ఈ లెక్కలోది కాదు. అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెళ్లాలి.

నాకిది కాలర్‌తో రెండో ఏడు. అన్నం తినేటప్పుడు మరిచిపోయి కంచం మీదికి వంగితే, ‘నాన్నా, మెడ’ అని అమ్మ గుర్తుచేస్తుంది. ఇప్పుడు కంచాన్ని ఎత్తు పీట మీద పెడుతోంది. గత మూడు కొలతల్లో చేయి తగ్గలేదు.