26 గ్రాముల 400 మిల్లీలు

నెల్లూరు ఆచారి వీధిలో మాది చిన్న పనిగది. తాతల కాలం నుంచి బంగారం పనే మా కుటుంబానికి అన్నం పెడుతోంది. నా బల్ల మీది కాటా పది మిల్లీల తేడాను కూడా పట్టిస్తుంది. 2023 అక్టోబరులో, దసరాకు ఒక వారం ముందు, ఆ కాటా మీద మొదటిసారి ఒక ప్రాణిని ఉంచి తూచాను. డబ్బా బరువు తీసేస్తే 26 గ్రాముల 400 మిల్లీలు తూగింది. అది ఒక ఆడ బల్లి.

మన గోడల మీద తిరిగే బల్లి కాదు. ఆఫ్రికన్ ఫ్యాట్‌టెయిల్డ్ గెకో అంటారు. దాని పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. మన బల్లికి ఉన్నట్టు కాలివేళ్ల కింద అతుక్కునే మెత్తలు దీనికి ఉండవు, అందుకే గోడలెక్కదు, నేల మీదే నడుస్తుంది. మన బల్లికి కనురెప్పలు లేవు, నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. దీనికి రెప్పలున్నాయి. నిదానంగా మూసి, నిదానంగా తెరుస్తుంది. తిండి దండిగా దొరికిన రోజుల్లో ఒంట్లోని కొవ్వును తోకలో దాచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న గెకో తోక ముదురు దొండకాయలా ఉబ్బి ఉంటుంది. మా ఇంటికి వచ్చినదాని తోక ఎండిన చిక్కుడుకాయలా ఉంది. కణుపులు ఒక్కొక్కటి లెక్కపెట్టవచ్చు. మా అమ్మాయి లెక్కపెట్టి, ఏడ్చింది.

మా పై వాటాలో అద్దెకున్న ఇంజినీరింగ్ విద్యార్థి చదువు ముగించుకుని వెళ్లిపోతూ దాన్ని గాజు తొట్టెతో సహా ఒక స్నేహితుడికి అప్పగించాడు. రెండు నెలలు గడిచాక ఆ అబ్బాయి తొట్టెను తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. "ఇవి నెలకొకసారి తిన్నా చాలు అంకుల్" అన్నాడు. తొట్టెలో ఇసుక, ఎండిపోయిన నీళ్ల మూత, ముడుచుకుపోయిన కీరదోస ముక్క ఉన్నాయి. ఇది పురుగులు తప్ప మరొకటి తినదు. పాపం, ఎన్నాళ్లు ఆ కీరదోస ముక్కను చూస్తూ గడిపిందో.

ముందు నాకు భయం వేసింది. మన ఉడుమును, నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం నేరమని తెలుసు. అందుకే మర్నాడే అటవీ శాఖ కార్యాలయానికి వెళ్లి, ఇలా ఒక విదేశీ బల్లి మా ఇంటికి చేరిందని ఫొటోలతో సహా కాగితం మీద రాసి ఇచ్చి వచ్చాను. ఇలాంటి ప్రాణి ఎవరి చేతికి వచ్చినా చేయాల్సిన మొదటి పని అదే.

కానీ అంతకంటే ముందు, మొదటి రాత్రే నేనొక తప్పు చేశాను. ఆకలితో ఉందన్న ఆత్రంలో చేపల తొట్టెలు అమ్మే దుకాణం నుంచి మీల్‌వార్మ్‌లు తెచ్చి నాలుగు వేశాను. వాటి వైపు చాలాసేపు చూసి రెండు తింది. మాకు ప్రాణం లేచొచ్చింది. తెల్లవారి చూస్తే ఆ రెండు పురుగులూ అరగకుండా, మింగినవి మింగినట్టే బయట పడి ఉన్నాయి. పక్కనే అది కళ్లు మూసుకుని పడుకుని ఉంది.

మా ఊళ్లో గేదెలను, కుక్కలను చూసే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాన్ని అరచేతిలోకి తీసుకుని, "ఒళ్లు ఎంత చల్లగా ఉందో చూశారా? దీని ఒంట్లో మనలా వేడి పుట్టదు, బయటి నుంచే తెచ్చుకోవాలి. వేడి లేకపోతే కడుపులో పడింది అరగదు. కుళ్లనైనా కుళ్లుతుంది, లేదంటే వాంతి అవుతుంది" అన్నారు. కొలిమి రాజుకోకుండా మూసలో బంగారం వేసి ఊదితే ఏం లాభం? ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. తనకు సరీసృపాల వైద్యంలో అనుభవం లేదని దాచకుండా చెప్పి, చెన్నైలో వాటిని చూసే డాక్టరు ఫోను నంబరు తెప్పించి ఇచ్చారు. ఆయన మేలు మరువలేను.

రెండు రోజుల తరువాత పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లాం. గాలి రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో మెత్తని గుడ్డ, దాని మీద గెకో, దాని మీద మరో గుడ్డ. గూడూరు దాటేదాకా మా అమ్మాయి డబ్బాను ఒళ్లో నుంచి దించలేదు.

ఆ డాక్టరమ్మ పావుగంటసేపు దాన్ని చూశారు. పక్కటెముకల మీది చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టి వదిలితే ఆ మడత వెంటనే సర్దుకోలేదు. ఒంట్లో నీరు లేదన్నారు. కింది దవడను వేలితో నొక్కి, గట్టిగానే ఉందని ఊపిరి పీల్చుకున్నారు. కాల్షియం అందక ఎముకలు మెత్తబడితే ముందు దవడ రబ్బరులా వంగుతుందట. పొట్టలో ఇసుక ముద్ద తగల్లేదు. పెంట పరీక్షలో నులిపురుగుల గుడ్లు కనిపించాయి. మందు అప్పుడొకసారి, రెండు వారాలకు మరొకసారి వేయాలన్నారు.

తరువాత ఆవిడ చెప్పిన మాటను నా చిట్టా పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను: ముందు వేడి, తరువాత నీళ్లు, ఆ తరువాతే తిండి. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి పోస్తే రక్తంలోని పొటాషియం, ఫాస్ఫరస్ హఠాత్తుగా పడిపోయి, బతకాల్సిన ప్రాణి తిన్నాక చనిపోవచ్చట. కరువు శిబిరాల్లోనూ, చెరసాలల నుంచి విడుదలైన మనుషుల్లోనూ ఇది చూశారని ఆవిడ వివరించారు. "ఆకలి మీకు కనపడుతోంది కాబట్టి పెట్టేయాలనిపిస్తుంది. మీ చేతిని మీరే ఆపుకోవాలి" అన్నారు. ఇంకొక హెచ్చరిక కూడా చేశారు. తోక పట్టుకోకూడదు. బెదిరితే తోక విడిచేస్తుంది. ఇప్పుడున్న స్థితిలో తోక పోతే మిగిలిన ఆ కాస్త కొవ్వూ పోయినట్టే.

ఇంటికి రాగానే ఇసుక మొత్తం తీసేసి కాగితం పరిచాం. తొట్టె అడుగున మూడో వంతు మేర, కరెంటుతో వేడెక్కే హీట్ మ్యాట్ పెట్టి, వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ దానికి బిగించాను. ఒక పక్క 32 డిగ్రీలు, మరో పక్క 26. ఎక్కడ ఉండాలో అదే తేల్చుకోవాలి. రెండు పక్కలా దాక్కోవడానికి బోర్లించిన మట్టి చిప్పలు, నడుమ మూతకు గుమ్మం కోసిన టిఫిను డబ్బా, అందులో తడిపిన కొబ్బరి పీచు. ఇది పొడి ఎడారి బల్లి కాదు, గాలిలో తేమ కావాలి. సముద్రం దగ్గరి ఊరు కావడం ఈ ఒక్క విషయంలో మాకు కలిసివచ్చింది.

రోజూ సాయంత్రం గోరువెచ్చని నీళ్లు దాని పొట్టకు తగిలేంత లోతుకు పోసి పదిహేను నిమిషాలు అందులో ఉంచేవాళ్లం. తిండిగా డాక్టరమ్మ ఇచ్చిన పొడిని నీళ్లలో జావలా కలిపి, డ్రాపరుతో ముక్కు కొస మీద ఒక్క చుక్క పెట్టాలి. నోరు బలవంతంగా తెరవకూడదు. మొదటిరోజు చుక్క పెట్టాను. కదలలేదు. చుక్క జారి పెదవి అంచున నిలిచింది. నేనూ మా అమ్మాయీ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపటికి గులాబీ రంగు నాలుక, బియ్యపు గింజంత వెడల్పుది, బయటికొచ్చి ఆ చుక్కను చుట్టుకుని లోపలికి వెళ్లింది. కళ్లు మూసి తెరిచింది. మళ్లీ నాలుక చాచింది. ఆ రోజుకు ఆరు చుక్కలు. ఇంకా కావాలన్నట్టు చూస్తున్నా ఆపేశాను. నా చేతిని ఆపుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

కాలివేళ్ల పని వేరే. పాత చర్మం సరిగా ఊడక వేళ్ల చుట్టూ ఉంగరాల్లా బిగుసుకుపోయింది. అలాగే వదిలేస్తే రక్తం ఆగి వేలు రాలిపోతుందట. భూతద్దం కంటికి పెట్టుకుని, నీళ్లలో నానిన తరువాత, తడి దూదిపుల్లతో ఒక్కో వేలినీ మొదలు నుంచి కొసకు నిమిరాను. పొడిగా ఉన్నప్పుడు లాగకూడదు. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఎడమ ముందుకాలి చిటికెనవేలి కొస అప్పటికే నల్లబడి ఉంది. దాన్ని కాపాడలేకపోయాను. మిగిలిన పంతొమ్మిదీ దక్కాయి.

పేరు మా అమ్మాయే పెట్టింది. పూర్వం మా తాత బంగారాన్ని గురివింద గింజలతో తూచేవాడని, ఒక గింజ ఎత్తు గ్రాములో దాదాపు ఎనిమిదో వంతని చెబుతుంటాను. మొదటి వారం బరువు పెరగకపోగా 25 గ్రాముల 900 మిల్లీలకు దిగింది. రెండో వారం 26 గ్రాముల 20 మిల్లీలు. "ఒక గురివింద ఎత్తు పెరిగింది నాన్నా" అంది. అప్పటి నుంచి అది గురివింద.

మా అమ్మకు మాత్రం మొదట్లో ఇదంతా నచ్చలేదు. బల్లి ఒంటి మీద పడితే ఏ ఫలితమో పంచాంగంలో చూసుకునే ఇల్లు మాది. "బల్లి పడిన అన్నం తింటే మనిషి దక్కడంటారు, దాన్ని తెచ్చి పిల్ల చేతిలో పెడతావా నాయనా?" అని బాధపడింది. బల్లికి విషం ఉండదని, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలని డాక్టరమ్మ చెప్పిన మాటే చెప్పాను. ఆమె వినలేదు. మా అమ్మాయి అడిగిన ప్రశ్న పనిచేసింది. "నానమ్మా, కంచిలో వరదరాజస్వామి గుడికి వెళ్లినప్పుడు నిచ్చెనెక్కి బంగారు బల్లిని తాకి దండం పెట్టుకున్నావు కదా?" అమ్మ జవాబు చెప్పలేదు. మర్నాడు పెరట్లోని మునగాకు కోసి తెచ్చి, "పురుగులకు ఇది పెట్టొచ్చా?" అని అడిగింది.

పెట్టొచ్చు. పురుగుకు మనం ఏం పెడితే అదే బల్లి కడుపులోకి చేరుతుంది. మూడో వారం నుంచి చిన్న మీల్‌వార్మ్‌లు, ఆపైన మిడతల జాతి క్రికెట్లు మొదలుపెట్టాం. వాటికి ఒక రోజంతా మునగాకు, క్యారెట్ తురుము పెట్టి, ఆ తరువాత కాల్షియం పొడిలో దొర్లించి వేసేవాళ్లం. పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. పొడి అద్దకపోతే బల్లి తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది. చుట్టూ వరి చేలే కదా, మిడతలు పట్టి తెస్తామని ఇరుగుపొరుగు పిల్లలు ముందుకొచ్చారు. వద్దన్నాను. చేలల్లో మందు కొడతారు. ఆ మందు తాగిన మిడత ఒక్కటి చాలు ఇంత చిన్న ప్రాణానికి.

డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, అంతకు ముందు రోజు నుంచే నెల్లూరు మీద వాన కుండపోతగా కురిసింది. సాయంత్రానికి కరెంటు పోయింది. ఇన్వర్టరు అయిదు గంటలు నిలిచి ఆగిపోయింది. తొట్టెలో వేడి గంటగంటకూ తగ్గుతోంది. 29, 27, 24. ముందు రోజే నాలుగు క్రికెట్లు తిని ఉంది. మొదటి రాత్రి చూసిన వాంతి నా కళ్లముందు మెదిలింది.

అమ్మ గ్యాసు పొయ్యి మీద నీళ్లు పెట్టింది. వేడినీళ్లు పోసిన సీసాను తన పాత నేత చీర ముక్కలో నాలుగు మడతలు చుట్టి తెచ్చి ఇచ్చింది. గురివిందను చిన్న డబ్బాలోకి మార్చి, ఆ డబ్బాను సీసా పక్కన థర్మోకోల్ పెట్టెలో ఉంచాం. సీసాను నేరుగా తగలనిస్తే పొట్ట కాలిపోతుంది. ఉష్ణమాపకం తీగను డబ్బా లోపలికి పెట్టి 31 దాటకుండా చూసుకున్నాం. దాటితే మూత కాస్త తెరవడం, తగ్గితే సీసా మార్చడం. రెండు గంటలకొకసారి, రెండు రాత్రులు. రెండో రాత్రి నాకు కునుకు పట్టింది. మెలకువ వచ్చి చూస్తే కొవ్వొత్తి వెలుగులో అమ్మ కూర్చుని ఉంది. కళ్లద్దాలు పైకి నెట్టుకుని అంకె చదువుతోంది. "ముప్ఫై ఉంది. నువ్వు పడుకో నాయనా" అంది.

కరెంటు వచ్చిన రోజు తూచాను. తుపానుకు ముందు 31 గ్రాముల 800 మిల్లీలు, ఇప్పుడు 31 గ్రాముల 650. మా పనిలో ఆ మాత్రం తరుగు సహజం.

ఆ తరువాత పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. సంక్రాంతికి 35 దాటింది. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఒళ్లంతా తెల్లబడి, టిఫిను డబ్బాలోకి దూరి, తెల్లవారేసరికి పాత చర్మాన్ని పూర్తిగా విడిచి తానే తినేసింది. అవి అలాగే తింటాయి. వేళ్ల దగ్గర ఒక్క పొర కూడా మిగల్లేదు. రెండోసారి పెంట పరీక్షలో గుడ్లు కనిపించలేదు.

మే నెలలో కష్టం తిరగబడింది. హీట్ మ్యాట్ పూర్తిగా తీసేసినా మా పనిగదిలో 37 చూపించేది. తొట్టెను నడిమి గదిలో, ఎండ తగలని మూలకు, నేల మీదికి మార్చాం. రోహిణి కార్తెలో అమ్మ రోజూ మధ్యాహ్నం తడి గోనెపట్టా తెచ్చి తొట్టె చుట్టూ కప్పేది. గాలి ఆడే పక్క వదిలిపెట్టమని నేను చెప్పక్కర్లేకపోయింది.

ప్రతి ఆదివారం పొద్దున, తిండి పెట్టకముందే తూచడం మా అలవాటు. మొదట్లో నేను రోజుకు రెండుసార్లు తూచేవాణ్ని. మాటిమాటికీ పట్టుకుంటే బెదురుతుందని డాక్టరమ్మ మాన్పించారు. జూన్ మొదటి ఆదివారం 49 గ్రాముల 300 మిల్లీలు వచ్చింది. చిట్టాలో రాస్తుంటే మా అమ్మాయి డబ్బా మీదికి వంగి, ఎప్పటిలాగే తోక కణుపులు లెక్కపెట్టబోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, వేలు గాలిలోనే ఆగింది.